ద్రాక్షాపాకం మీద తగాదా

కావ్యాలకు ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడు పాకాలున్నాయని తరగతిలో చెప్పుతూ ఉంటాను. నోట వేసుకోగానే రసమిచ్చేది ద్రాక్షాపాకం. తొక్క ఒలుచుకోవలసింది కదళీపాకం. పీచు తీసి, టెంక పగలగొట్టుకుంటే గాని దక్కనిది నారికేళపాకం. ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెప్పుతున్నానే గాని, అదే ద్రాక్షను పులియబెట్టి సీసాలో దాస్తే కొబ్బరికాయను మించిన చిక్కు తెచ్చిపెడుతుందని ఈ మధ్యనే నాకు తెలిసింది. తెలియజేసినవాడు మా మేనల్లుడు.

వాడు కాలిఫోర్నియాలో శాన్‌హోసేలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. ఈ వైను అనే పదార్థాన్ని నేను ముట్టినవాణ్ణి కానని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. మా అక్కయ్య ఈ పత్రిక తప్పకుండా చదువుతుంది. కొడుకు సంగతి ఆమెకు తెలుసు. తమ్ముడి మీద కూడా అనుమానం కలిగితే నాకు పండుగకు పిలుపు ఉండదు.

వాడూ, మరి ఏడుగురూ కలిసి నెలకొక శనివారం సాయంత్రం ఒకరింట చేరుతారు. ఎవరూ ఆ వ్యాపారంలో వాళ్ళు కారు. ఒకాయన దంతవైద్యుడు, ఒకావిడ గ్రంథాలయంలో పని చేస్తుంది. తలా ఒక సీసా కాగితం సంచిలో చుట్టి తెస్తారు, పేరు కనబడకుండా. ఒక గుక్క పుక్కిలించి ఒక పాత్రలో ఉమ్మేస్తారట! రంగు, వాసన, రుచి చీటీమీద రాసి, నూటికి ఇన్ని మార్కులని వేసి, ఆ చీటీలన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కిస్తారు. మనం మామిడిపళ్ళ కాలంలో బంగినపల్లికీ, చిన్న రసానికీ మధ్య చేసే వాదన వంటిదే గాని, వాళ్ళది రాతకోతలతో సాగుతుంది.

ఆ ఎనిమిదిమందిలో పెద్దవాడు పదవి విరమించిన బడిపంతులు. కూతురు పుట్టిన ఏడాది బోర్డో ప్రాంతపు సీసాలు రెండు కొని, ఆమె పెళ్ళికి తెరవాలని నేలమాళిగలో దాచుకున్నాడు. పెళ్ళి కుదిరింది. ఇన్నేళ్ళకు ఎల్లా ఉందో చూద్దామని ఒక సీసా ఆ సభకు తెచ్చాడు. దీనికి సంచీ లేదు, పేరు అందరికీ కనబడుతూనే ఉంది. కూతురు పుట్టిన రాత్రి సంగతి చెప్పి మరీ పోశాడు. అందరూ ఆహా అన్నారు. మావాడి ముక్కుకు మాత్రం ముసురుపట్టి నానిన అట్టపెట్టె వాసన కొట్టింది. మాట రాక, చీటీమీద "ఈ సీసా చెడింది" అని రాసి ఇచ్చాడు.

చీటీలు పైకి చదవడం వాళ్ళ ఆచారం.

ఇద్దరు మావాడి పక్షం వచ్చారు. ముగ్గురు అది వయస్సు తెచ్చిన పరిమళమన్నారు. పంతులుగారు మాట్లాడకుండా సీసా చంకన పెట్టుకుని లేచారు. పై నెల సభకు నలుగురే వచ్చారట. వాడికి రాత్రి, మనకు పగలు, ఫోను చేశాడు. "మావయ్యా, మీరు రోజూ తప్పులు దిద్దుతారు గదా, చెప్పండి. నేను చేసింది తప్పా?"

నాకేమి తెలుసు? తెలుసుకోవడానికి కొంత చదివాను.

ఆ అట్టపెట్టె వాసన కల్పన కాదు. సీసా మూతకు వాడే బెండు పోర్చుగల్ మొదలైన చోట్ల తొమ్మిదేళ్ళకొకసారి ఒలిచే ఒక చెట్టు బెరడు. అందులో చేరిన బూజు, క్లోరిను కలిసిన కొన్ని పదార్థాలమీద పని చేసి ట్రైక్లోరోఎనిసోల్ అనే దాన్ని పుట్టిస్తుంది. వైనులో ముసురు వాసనకు కారణం ఇదేనని 1981 లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. లీటరులో, ఒక గ్రాముకు నూరుకోట్లవ వంతులు నాలుగో అయిదో ఉంటే చాలు, పసిగట్టే ముక్కులున్నాయి. అంతకు పదింతలున్నా తెలియని ముక్కులూ ఉన్నాయి. పైగా 2013 లో జపానువాళ్ళు నీటిబల్లుల వాసనకణాలమీద పరీక్షించి, ఈ పదార్థం తన వాసన తాను చూపడమే కాక, వాసన పట్టే కణాల పనినే అణచివేస్తుందని చెప్పారు. అంటే కొందరికి దుర్వాసన తగలదు, వైను చప్పబడినట్లు మాత్రం తోస్తుంది. ఆహా అన్నవాళ్ళు అబద్ధమాడారని అనడానికి వీలులేదు.

మిరియం సంగతి ఇంకా వింత. షిరాజ్ అనే ఎర్ర వైనులో మిరియాల ఘాటు ఉంటుందంటారు. 2008 లో ఆస్ట్రేలియాలో దానికి కారణమైన రొటండోన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. మన మిరియాలలో ఉన్నదీ అదే. పరీక్షకు కూర్చున్నవారిలో అయిదింట ఒకవంతుకు, ఎంత పోసినా, ఆ వాసన అసలు తెలియలేదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఒకే గ్లాసు చేతులు మార్చుకుని, ఒకడు మిరియమని, మరొకడు కాదని జుట్టు పట్టుకుంటే ఎవరిది తప్పు? పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న మనవాళ్ళు ముక్కును కూడా కలిపి ఉండవలసింది.

కొన్ని దోషాలు కొందరికి గుణాలు. బ్రెట్టనోమైసిస్ అనే ఈస్టు ఒకటుంది. 1904 లో డెన్మార్కులో కార్ల్స్‌బర్గ్ సారాబట్టీ శాస్త్రజ్ఞుడు దానికా పేరు పెట్టాడు. అది చేరిన వైను గుర్రపుసాలలాగా, తోలు జీనులాగా వాసన కొడుతుంది. ఒకరు పారబోస్తారు, ఇంకొకరు అదే ఆ నేల సొగసంటారు. మనలో ఇంగువ మీద రెండు పక్షాలు లేవా?

ఇదంతా తెలియనివాళ్ళ గొడవేననుకుంటే పొరపాటు. రాబర్ట్ పార్కర్ అని మేరీలాండులో ఒక వకీలు ఉండేవాడు. వైను ఆయనకు సరదా మాత్రమే. 1978 లో ప్రకటనలు వేసుకోని చిన్న పత్రిక ఒకటి పెట్టి, బడిపిల్లలకు వేసినట్లు నూటికి ఇన్నని మార్కులు వేయడం సాగించాడు. కొంత కాలానికి ఆయన మార్కును బట్టి ధరలు లేచేవి, పడేవి. 2003 నాటి ఎండలకు కాసిన ద్రాక్షతో చేసిన షటో పావీ అనే వైనును ఆయన ఆకాశానికెత్తాడు. ఇంగ్లండులో జాన్సిస్ రాబిన్సన్ గారు దానికే ఇరవైకి పన్నెండు ఇచ్చి, ఇది పోర్టులాగా ఉందన్నారు. 2004 లో ఈ రెండు చీటీల మీద రెండు ఖండాలవాళ్ళు కొట్టుకున్నారు. నాలుక భేదమా, ఇష్టభేదమా, దేశభేదమా? మూడూ కాబోలు.

దేశభేదం సామాన్యమైనది కాదు. 1976 మే 24 న పారిస్‌లో తొమ్మిదిమంది ఫ్రెంచి ప్రముఖులకు పేర్లు కప్పిపెట్టి వైనులు పోశారు. తెలుపులోనూ, ఎరుపులోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాకు వచ్చింది! ఫలితం విని ఒకావిడ తన మార్కుల కాగితం తనకు తిరిగి ఇచ్చివేయమన్నది.

కన్ను చేసే మోసం మరొకటి. బోర్డోలో తెల్ల వైనుకు వాసన లేని ఎర్రరంగు కలిపి, ఆ విద్య చదువుతున్న 54 మందికి ఇచ్చారు. వాళ్ళు ఎర్ర వైనుకు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. ఆ ఫలితం 2001 లో అచ్చయింది. 2008 లో కాలిఫోర్నియాలో ఒకే వైనుకు రెండు ధరలు చెప్పి 20 మంది చేత తాగించి, మెదడు బొమ్మలు తీశారు. ధర ఎక్కువని విన్నప్పుడు ఎక్కువ బాగుందని నోరు చెప్పింది. మెదడులో సంతోషాన్ని తెలిపే చోటు కూడా అదే చెప్పింది! మర్యాదకు అనడం కాదన్నమాట. వాళ్ళకు నిజంగానే బాగుంది. కూతురు పుట్టిన రాత్రి కథ విని ఆహా అన్నవాళ్ళను ఇంక నేనేమనగలను?

నన్ను కూర్చోబెట్టిన సంగతి వేరే ఉంది. కాలిఫోర్నియా రాష్ట్రపు జాతరలో ఏటా వైనులకు పతకాలిస్తారు. సొంతంగా వైను చేసే రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే పూర్వపు ఆచార్యుడు, న్యాయనిర్ణేతలకు తెలియకుండా ఒకే సీసాలోది మూడుసార్లు ముప్ఫయి గ్లాసుల మధ్య కలిపి పోయించాడు. ఆ లెక్కలు 2008 లో బయటపెట్టాడు. మూడుసార్లూ ఒకే పతకం అంతస్తులో మార్కులు వేసినవారు పదింట ఒకరు. మరో పదింట ఒకరు అదే వైనుకు ఒకసారి కంచు, ఒకసారి బంగారం ఇచ్చారు!

చదివి నవ్వబోయి ఆగిపోయాను. కొన్నేళ్ళ కిందట తరగతి పరీక్ష కాగితాలు నలభై దిద్ది, మార్కులు వేరే జాబితాలో రాసుకుని, ఆ జాబితా పోగొట్టుకున్నాను. కాగితాలమీద అంకెలు వేయలేదు గనుక అన్నీ మళ్ళీ దిద్దాను. పని ముగిశాక పాత జాబితా నిఘంటువులో దొరికింది. రెండింటా సరిపోయినవి ఆరే ఆరు. ఒక అమ్మాయికి మొదట 33, తరువాత 41. మా దగ్గర 35 వస్తే గట్టెక్కినట్లు. మొదటిసారి నేను దిద్దింది రాత్రి పదకొండు గంటలకు, కరెంటు పోయి. పెద్ద మార్కే ఉంచాను. అదే న్యాయమని నమ్మి కాదు, ధైర్యం చాలక. ఈ సంగతి మేనల్లుడికి ఒక్కడికే చెప్పాను.

డాన్ క్విక్సోట్‌లో సాంకో పాంజా ఒక కథ చెపుతాడు. వాళ్ళ వంశంలో ఇద్దరిని ఒక పీపాలోని వైను చూడమన్నారట. నాలుక చివర తాకించినవాడు ఇనుము రుచి ఉందన్నాడు, వాసన చూసినవాడు తోలు వాసన ఉందన్నాడు. పీపా శుభ్రమైనదని యజమాని వాదించాడు. కొన్నాళ్ళకు వైను అమ్ముడుపోయి పీపా కడిగితే, అడుగున తోలుపట్టీ కట్టిన చిన్న తాళంచెవి దొరికింది. 1757 లో డేవిడ్ హ్యూమ్ అభిరుచిని గురించి రాసిన వ్యాసంలో ఈ కథను ఎత్తుకున్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే, ఎవరూ పూర్తిగా చెప్పలేదు. కాని మావాడి పీపా కడిగి చూపించేదెవరు? ఆ సీసా పంతులుగారు ఆ రాత్రే పారబోశారట.

బెండుదోషం ఆ ఒక్క సీసాదే కావచ్చునని, జతది బాగుండవచ్చునని వాడికి చెప్పాను. వాడికది నాకంటే ముందే తెలుసు. పంతులుగారికి ఉత్తరం రాయమన్నాను. రాశాడు. జవాబు రాలేదు, పెళ్ళిపత్రిక వచ్చింది.

పెళ్ళినాడు రెండో సీసా తెరిచి, మొదటి గ్లాసు మావాడి చేతికే ఇచ్చారట. పెళ్ళికూతురు పక్కనే నిలుచుంది. పాత సభ్యులు ఏడుగురూ వాడి మొహం వంక చూస్తున్నారు. వాసన చూశాడు, ఒక గుక్క తాగాడు, ఈసారి ఉమ్మలేదు. "బాగుంది" అన్నాడు. పంతులుగారు వాణ్ణి కావలించుకున్నారు.

"ఒరేయ్, నిజంగా బాగుందా, మొహమాటానికి అన్నావా?" అని ఫోనులో అడిగాను.

"మావయ్యా, ఆ అమ్మాయికి వచ్చింది 33 అంటారా, 41 అంటారా?" అన్నాడు.

అక్కడ వానలు పడుతున్నాయా అని అడిగాను.