ఆఫీసు మూసేటప్పుడు కంప్యూటర్ కట్టేయాలా?

మన మహిళా సంఘం ఆఫీసులో కంప్యూటర్ ఉంది. మన పొదుపు, మన అప్పు, కట్టిన కిస్తీ అన్నీ అందులోనే ఎక్కిస్తున్నారు. మరి సాయంత్రం తాళం వేసేటప్పుడు దాన్ని కట్టేయాలా? అలాగే ఉంచాలా?

"మాటిమాటికీ కట్టేస్తే పాడవుతుందట గదా టీచరమ్మా!" అంది మా వీధి పెద్దమ్మ.

లేదు పెద్దమ్మా. రోజుకి ఒకసారి ఆపి, ఒకసారి వేస్తే ఏమీ కాదు.

తెర నల్లబడితే ఆగిపోయింది అనుకుంటాం. పక్కన డబ్బా చూడండి. లైటు వెలుగుతుంటే, లోపల ఫ్యాను తిరుగుతుంటే కరెంటు కాలుతున్నట్టే.

ఎంత కాలుతుంది? లెక్క వేద్దాం. 1000 వాట్లు ఒక గంట వాడితే 1 యూనిట్. మన కంప్యూటర్ 100 వాట్లు అనుకుందాం. సాయంత్రం 6 నుంచి పొద్దున 10 దాకా 16 గంటలు. అంటే రాత్రికి 1.6 యూనిట్లు. 30 రోజులకి 48 యూనిట్లు. నెలంతా రాత్రింబవళ్ళు ఒక ఫ్యాను తిరిగినంత! గాలైనా రాదు.

బిల్లు సంగతి అలా ఉంచండి. పోయిన ఎండాకాలం మా సంఘంలో కంప్యూటర్ వేసే వదిలేశారు. ఆ రాత్రి గాలివాన. దగ్గర్లోనే పిడుగు పడింది. పొద్దున చూస్తే కంప్యూటర్ లేవలేదు. రెండు నెలల లెక్కలు పోయాయి. వాటిని ఇంకో చోట దాచలేదు.

అప్పుడు ఏం చేశారు? ఎవరి పాసుపుస్తకం వాళ్ళు తెచ్చారు. అంకెలు చదివి చెప్పారు. మళ్ళీ ఎక్కించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఒక అక్క రెండు కిస్తీలు పుస్తకంలో రాయించుకోలేదు. కట్టానంటుంది. రుజువు లేదు. ఆ గొడవ ఇంకా తేలలేదు.

అందుకని ఇలా చేయండి. ముందు చేసిన పని దాచాలి. తర్వాత తెర మీద 'షట్ డౌన్' అన్న చోట నొక్కాలి. పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఒక్కోసారి 'అప్‌డేట్' అంటూ చాలాసేపు తిప్పుతుంది. తొందరపడకండి. మధ్యలో గోడ స్విచ్చి కట్టేస్తే లెక్కలు చెడిపోవచ్చు. ఆరిన తర్వాతే స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకాలి. ఇంటర్నెట్ వైరు కూడా తీయాలి. పిడుగు దెబ్బ ఆ వైరులోంచీ వస్తుంది.

కింద బ్యాటరీ డబ్బా ఉంటుంది. దాన్ని యూపీఎస్ అంటారు. కరెంటు పోతే పని దాచుకోవడానికి కొన్ని నిమిషాలు ఇస్తుంది. దాన్ని నమ్మి పిడుగుల వేళ వదిలేయకండి.

ఇంకో మాట. ఉరుములు మొదలయ్యాక ప్లగ్గు పీకడానికి పరుగెత్తొద్దు. అప్పుడు వైర్లు ముట్టుకుంటే మనిషికే ప్రమాదం. మబ్బు పట్టగానే తీసేయాలి.

ఇప్పుడు మా ఆఫీసులో తాళంచెవి ఉన్న అక్కే ప్లగ్గు చూసి వెళ్తుంది. నెలకోసారి లెక్కల కాగితం కూడా తీయించి బీరువాలో పెడుతున్నారు.