మృదు గామా కిరణములు – సగము తెరచిన గవాక్షము

రేడియో తరంగములు, పరారుణ కిరణములు, ఎక్స్ కిరణములు – ఇవన్నియు ఖగోళమును దర్శించుటకు మానవుడు తెరచుకొన్న గవాక్షములు. వీనిలో ఇంకను సగమే తెరచినది మృదు గామా కిరణములది. పేరు చూచి ఇవి సుకుమారములని భావింపరాదు. మన కంటికి కనిపించు వెలుగు కణమునకు రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండగా, వీనికి లక్ష మొదలు యాభై లక్షల పైచిలుకు వరకు ఉండును.

వీనిని పట్టుట కష్టము. సామాన్య కటకములకు, దర్పణములకు ఇవి లొంగవు. భూవాతావరణము అడ్డగించును గనుక పరికరమును బెలూనుతోనో, ఉపగ్రహముతోనో పైకి పంపవలెను. అచ్చట విశ్వకిరణముల తాకిడికి ఉపగ్రహపు లోహమే గామా కిరణములను వెలువరించును! డప్పుల మ్రోతలో గుసగుసను వినగోరుట వంటిదే ఇది.

ఆర్థర్ కాంప్టన్ కనుగొన్న ధర్మము ఇందుకు ఉపాయమైనది. గామా కణము ఎలక్ట్రానును ఢీకొని, కొంత శక్తిని దానికిచ్చి దారి మార్చుకొనును. ఢీకొన్న చోటులను, అచ్చట విడిచిన శక్తిని కొలిచినచో, ఆ కణము ఆకాశమున ఏ వలయము మీదినుండి వచ్చినదో లెక్కకట్టవచ్చును. అనేక కణముల వలయములు ఖండించుకొను చోటే వాని జన్మస్థానము.

1991లో అమెరికా పంపిన కాంప్టన్ పరిశోధనాలయములోని కాంప్టెల్ పరికరము ఈ పద్ధతిని పాలపుంత యందలి అల్యూమినియం-26 వ్యాప్తిని చిత్రించినది. ఈ ధాతువు అర్ధాయువు సుమారు 7 లక్షల సంవత్సరములు. పాలపుంత వయస్సో, వేయి కోట్లకు పైమాట. కనుక నేడు కనిపించునది ఇటీవల నక్షత్రములలో పుట్టినదే కావలెను. మూలకముల సృష్టి ఇంకను సాగుచున్నదనుటకు ఇంతకంటె సూటియైన సాక్ష్యము మాకు తోచుట లేదు.

ఆ పరిశోధనాలయము 2000 జూన్‌లో సముద్రమున కూల్చబడినది. 2002లో ఐరోపా పంపిన ఇంటెగ్రల్ 2025 ఫిబ్రవరిలో పరిశీలనలు ముగించినది. ఇక ఆశలన్నియు కోసి అను చిన్న ఉపగ్రహము మీదనే. 2016లో న్యూజిలాండు నుండి బెలూనుపై 46 దినములు ఎగిరిన పరికరమే దీనికి పూర్వరూపము. 2021లో నాసా దీనిని ఎన్నుకొని, 2027లో ప్రయోగింప సంకల్పించినది. అతిశీతలమైన జెర్మేనియం స్ఫటికములు దీనికి కన్నులు. ఆకాశములో నాలుగవ వంతును ఒకేమారు చూచుచు, దినమునకొకమారు సమస్తమును పరికించును.

దీని ముందున్న ప్రశ్న సామాన్యమైనది కాదు. ఎలక్ట్రాను, దాని ప్రతికణమైన పాజిట్రాను కలిసి నశించినపుడు 5 లక్షల 11 వేల ఎలక్ట్రాన్ వోల్టుల కిరణములు వెలువడును. పాలపుంత కేంద్రమునుండి ఇట్టివి వచ్చుచున్నట్లు 1970 దశకము నుండియు తెలియును. ఆ పాజిట్రానులు ఎచ్చటివి? పేలిన నక్షత్రముల రేడియో ధార్మిక శేషములవా, కృష్ణబిలముల పరిసరములవా, అదృశ్య ద్రవ్యమువా? స్పష్టమైన పటము లేనిదే ఈ వాదము తెగదు. అయితే ఒక్క కోసితో సర్వమును తేలునని మేము నమ్మము. మిక్కిలి మందమైన వస్తువులకు పెద్ద దూరదర్శినులు కావలెను. అట్టి ప్రతిపాదనలు ఐరోపాలోను, అమెరికాలోను వచ్చినవి గాని ఆమోదము పొందలేదు.

మన దేశమునకును ఇందు పాత్ర కలదు. 2015లో శ్రీహరికోట నుండి ఎగసిన ఆస్ట్రోశాట్‌లోని ఒక పరికరము, ఇదే కాంప్టన్ ధర్మముతో వృషభరాశి యందలి క్రాబ్ పల్సారు కిరణముల ధ్రువణమును కొలిచినది. హైదరాబాదులోని టాటా సంస్థ బెలూను కేంద్రమునుండి ఖగోళ పరికరములు దశాబ్దములుగా ఎగురుచునే యున్నవి.