డైరెక్టరమ్మ విజయనిర్మల

ఆత్రేయపురం అనగానే మనకు పూతరేకులు గుర్తుకొస్తాయి. ఆ మండలంలోనే పులిదిండి అనే ఊరు ఉంది. అప్పుడు తూర్పు గోదావరి జిల్లా. ఇప్పుడు కోనసీమ జిల్లా. ఒకప్పుడు ఆ ఊరికి సినిమావాళ్లు వచ్చారు. ఊళ్లోనే ఉండి సినిమా తీశారు.

ఆ సినిమా పేరు సాక్షి. 1967లో విడుదలైంది. బల్లకట్టు నడిపే కిష్టయ్య కథ అది. కిష్టయ్య ఒక హత్యను కళ్లారా చూస్తాడు. భయపడుతూనే నిజం చెబుతాడు. కిష్టయ్య వేషం కృష్ణ వేశారు. చుక్క అనే పిల్ల వేషం విజయనిర్మల వేశారు. కథ ముళ్లపూడి వెంకటరమణది. డైరెక్టరు బాపు. ఆయనకు అదే మొదటి సినిమా.

ఆ రోజుల్లో సినిమాలు ఎక్కువగా మద్రాసు స్టూడియోల్లో తీసేవారు. సినిమాలో ఊరు కావాలంటే కర్రలతో, అట్టలతో ఊరు కట్టేవారు. సాక్షి అలా కాదు. నిజం ఊళ్లో తీశారు. ఒక కొత్త డైరెక్టరు ఊరినీ, మనుషులనూ, కెమెరానూ కలిపి సినిమా ఎలా తీస్తాడో విజయనిర్మల దగ్గరుండి చూశారు.

ఆరేళ్లు గడిచాయి. 1973లో ఆ చుక్క వేషం వేసినామే డైరెక్టరు అయ్యారు.

నటించేవాళ్లు చాలామంది ఉన్నారు. నటిస్తూ నటిస్తూ, మొత్తం పని చేతిలోకి తీసుకున్న ఆడవాళ్లు చాలా తక్కువ. ఆమె ఎలా తీసుకున్నారు? తెలుసుకుందాం.

చిన్నప్పటి నుంచీ అదే పని

విజయనిర్మల 1946 ఫిబ్రవరి 20న పుట్టారు. అసలు పేరు నిర్మల. నాలుగేళ్ల వయసులోనే ఒక తమిళ సినిమాలో నటించారు. 1957లో పాండురంగ మహాత్మ్యం సినిమాలో చిన్ని కృష్ణుడి వేషం వేశారు. అప్పటికి ఆమెకు 11 ఏళ్లు.

1964లో మలయాళంలో భార్గవీ నిలయం అనే సినిమా వచ్చింది. అది దెయ్యం కథ. అందులో భార్గవి ఆమే. 1966లో బి.ఎన్.రెడ్డి తీసిన రంగులరాట్నంలో నటించారు. ఆ మరుసటి ఏడే సాక్షి. 1969లో కృష్ణ, విజయనిర్మల పెళ్లి చేసుకున్నారు.

తెలుగు, తమిళం, మలయాళం మూడింటిలోనూ ఆమె పని చేశారు. చిన్నతనం నుంచీ ఎందరో డైరెక్టర్ల పని చూశారు. బడిలో కూర్చుని నేర్చుకునే చదువు ఒకటి. పనిలో ఉండి కళ్లతో నేర్చుకునే చదువు ఇంకొకటి. మన ఇళ్లలో వంట, ఊడ్పు, జాకెట్టు కుట్టడం అలాగే నేర్చుకుంటాం కదా. ఆమె సినిమా పని అలా నేర్చుకున్నారు.

డైరెక్టరు ఏం చేస్తారు?

మనం సినిమా చూసేటప్పుడు హీరో, హీరోయిన్ కనిపిస్తారు. డైరెక్టరు కనిపించరు. కానీ సినిమా అంతా డైరెక్టరు చెప్పినట్టే నడుస్తుంది.

ఊడ్పుల రోజులు గుర్తు చేసుకోండి. చేలో ఇరవై మంది ఉంటారు. ముఠాకు ఒక మేస్త్రి ఉంటుంది. ఏ చేను ముందు ఊడ్చాలి, ఎవరు నారు కట్టలు అందించాలి, వాన వస్తే ఏం చేయాలి, అన్నీ ఆమె చూసుకోవాలి. పని చెడితే మాట కూడా ఆమే పడాలి.

సినిమాకు డైరెక్టరు అలాంటి మేస్త్రి. కథ చదవాలి. ఏ వేషానికి ఎవరు సరిపోతారో చూడాలి. కెమెరా ఎక్కడ పెట్టాలో చెప్పాలి. నటులకు ఎలా మాట్లాడాలో, ఎక్కడ ఆగాలో చెప్పాలి. పాటలు, బట్టలు, ఇల్లు, వెలుతురు అన్నీ చూడాలి. చివరికి ముక్కలు ముక్కలుగా తీసినదాన్ని వరసగా అతికించాలి.

ముక్కలు అని ఎందుకు అంటున్నాం? సినిమాను మనం చూసే వరసలో తీయరు. చివర వచ్చే చావు ముందు తీస్తారు. మొదట వచ్చే పెళ్లి నెల తరువాత తీస్తారు. ఒక ఇంట్లో జరిగేవన్నీ ఒకేసారి తీసేస్తే ఖర్చు తగ్గుతుంది. అందుకని అలా చేస్తారు. కానీ కథ మొత్తం ఒకరి బుర్రలో వరసగా ఉండాలి. ఆ ఒకరే డైరెక్టరు.

ఒక లెక్క వేద్దాం

ఆ రోజుల్లో సినిమాను ఫిలిం మీద తీసేవారు. నిమిషం సినిమాకు 90 అడుగుల ఫిలిం కావాలి. సినిమా రెండున్నర గంటలు అనుకుందాం. అంటే 150 నిమిషాలు. 150ని 90తో హెచ్చవేస్తే 13,500 అడుగులు.

ప్రతిదీ మూడుసార్లు తీస్తే? 40,500 అడుగులు అవుతుంది. అంటే సుమారు 12 కిలోమీటర్ల పొడుగు. ఫిలిం ఖరీదైన సరుకు. ఒకసారి వాడితే మళ్లీ పనికిరాదు. పైగా తీసింది వెంటనే చూసుకునే వీలు లేదు. ఫిలింను ల్యాబుకు పంపి, కడిగించి, ఆ తరువాత చూడాలి.

అందుకే డైరెక్టరుకు చూపు కావాలి. లెక్క కావాలి. "ఇది చాలు, ఇంకోసారి వద్దు" అని చెప్పే ధైర్యం కావాలి. అలాంటి పని ఆడవాళ్ల చేతికి ఇవ్వడానికి డబ్బు పెట్టేవాళ్లు తొందరగా ఒప్పుకునేవారు కాదు.

ముందు నడిచినవాళ్లు

విజయనిర్మల కంటే ముందు కూడా కొందరు ఈ దారిలో నడిచారు.

తెలుగులో మొదటి ఆడ డైరెక్టరు భానుమతి. ఆమె గొప్ప నటి, గాయని, రచయిత్రి. 1953లో చండీరాణి తీశారు. అది కూడా తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో. అందులో ఆమే నటించారు.

తరువాత మహానటి సావిత్రి. 1968లో చిన్నారి పాపలు తీశారు. ఆ సినిమాకు సంగీతం పి. లీల. ఇంకా కొన్ని ముఖ్యమైన పనులు కూడా ఆడవాళ్లే చేశారు. సినిమాకు పేరు వచ్చింది గానీ డబ్బు రాలేదు.

మన దేశంలోనే కాదు, బయట కూడా ఇదే తీరు. ఇడా లుపినో అనే నటి ఉన్నారు. 1918లో ఇంగ్లండులోని లండన్ నగరంలో పుట్టారు. అమెరికా వెళ్లి సినిమాల్లో నటించారు. 1949లో ఆమె సొంత కంపెనీ ఒక సినిమా మొదలుపెట్టింది. పెళ్లి కాకుండా తల్లి అయిన పిల్ల కథ అది. మధ్యలో డైరెక్టరు జబ్బుపడ్డారు. లుపినో ఆ పని అందుకుని సినిమా పూర్తి చేశారు. కానీ తెర మీద డైరెక్టరుగా ఆమె పేరు వేయలేదు. ఆయన పేరే ఉంది.

పని ఆమెది. పేరు ఇంకొకరిది.

ఆమె అక్కడితో ఆగలేదు. తరువాత తన పేరుతోనే సినిమాలు తీశారు. ఆడవాళ్ల కష్టాల మీద తీశారు. 1953లో ది హిచ్ హైకర్ అనే సినిమా తీశారు. సరిగ్గా ఆ సంవత్సరమే ఇక్కడ భానుమతి చండీరాణి తీశారు. ఒకరిది అమెరికా. ఒకరిది మద్రాసు. ఇద్దరూ నటులే. ఇద్దరూ అదే మెట్టు ఎక్కారు.

మీనాతో మొదలు

1973లో విజయనిర్మల మొదట మలయాళంలో కవిత అనే సినిమా తీశారు. అదే ఏడు తెలుగులో మీనా తీశారు.

మీనా కథ యద్దనపూడి సులోచనారాణి రాసిన నవల. ఆ రోజుల్లో ఆమె నవలల కోసం ఆడవాళ్లు ఎదురుచూసేవారు. ఒకరు కొన్న పత్రికను పది మంది చదివేవారు. మీనా డబ్బున్న ఇంటి పిల్ల. తల్లి గీసిన గీత దాటదు. పల్లెకు వచ్చాక ఆమెకు లోకం తెలుస్తుంది. తన బతుకు గురించి తనే ఆలోచించడం మొదలుపెడుతుంది.

కథ రాసింది ఆడమనిషి. సినిమా తీసింది ఆడమనిషి. మీనా వేషం వేసిందీ విజయనిర్మలే. హీరో కృష్ణ. సినిమా బాగా ఆడింది.

తనే నటిస్తూ తనే డైరెక్షన్ చేయడం తేలిక కాదు. కెమెరా వెనక నిలబడి అన్నీ సరిచూడాలి. వెంటనే కెమెరా ముందుకు వచ్చి ఏడవాలి, నవ్వాలి. మళ్లీ వెనక్కి వెళ్లి బాగుందో లేదో అడగాలి. ఒక చేత్తో పొయ్యి, ఒక చేత్తో పిల్ల అన్నట్టు ఉంటుంది ఆ పని. ఆ కష్టం ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

దెబ్బ తిన్నా ఆగలేదు

1974లో ఆమె దేవదాసు తీశారు. అదే కథతో 1953లో వచ్చిన సినిమాను జనం అప్పటికీ మరిచిపోలేదు. అందులో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించారు. కొత్త దేవదాసును చూసిన ప్రతివాళ్లూ పాతదానితో పోల్చారు. సినిమా నడవలేదు.

ఇక్కడే అసలు పరీక్ష. మగవాడు తీసిన సినిమా పోతే "ఈ సినిమా బాగాలేదు" అంటారు. ఆడమనిషి తీసిన సినిమా పోతే "ఆడవాళ్లకు ఈ పని రాదు" అంటారు. ఒక్కరు ఓడిపోతే అందరి మీదా వేస్తారు. ఈ మాట మనం సినిమాల్లోనే వినం. సంఘంలో వింటాం, పంచాయతీలో వింటాం, బ్యాంకు దగ్గర వింటాం.

విజయనిర్మల ఆ మాట దగ్గర ఆగిపోలేదు. తరువాతి సినిమా మొదలుపెట్టారు. 1976లో తెలుగులో కవిత తీశారు. 1979లో అక్కినేని, కృష్ణ కలిసి నటించిన హేమాహేమీలు తీశారు. 1980లో రామ్ రాబర్ట్ రహీమ్ తీశారు. అందులో కృష్ణ, రజనీకాంత్, చంద్రమోహన్ ఉన్నారు. 1983లో బెజవాడ బెబ్బులి తీశారు. అందులో తమిళ మహానటుడు శివాజీ గణేశన్ ఉన్నారు. పెద్ద పెద్ద నటులు ఆమె చెప్పినట్టు నిలబడ్డారు, నడిచారు.

కొన్ని ఆడాయి. కొన్ని పోయాయి. ఆమె మాత్రం తీస్తూనే ఉన్నారు. 2002లో గిన్నిస్ రికార్డుల పుస్తకంలో ఆమె పేరు ఎక్కింది. ప్రపంచంలో ఎక్కువ సినిమాలు తీసిన ఆడ డైరెక్టరుగా ఎక్కింది. 44 సినిమాలు! 2008వ సంవత్సరానికి రాష్ట్ర ప్రభుత్వం రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చింది. 2009లో నేరము శిక్ష తీశారు. మొదటి సినిమాకూ దానికీ మధ్య 36 ఏళ్లు.

2019 జూన్ 27న హైదరాబాదులో ఆమె చనిపోయారు. అప్పటికి ఆమెకు 73 ఏళ్లు.

ఆమె తరువాత మరికొందరు వచ్చారు. వారిలో ఒకరు మన రావులపాలెంలో పుట్టిన బి. జయ. ముందు పత్రికల్లో రాసేవారు. 2003లో చంటిగాడు సినిమాతో డైరెక్టరు అయ్యారు. ఆమె 2018లో చనిపోయారు.

పేరు మనది, పని కూడా మనదే

1993లో 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు వచ్చాయి. తరువాత మన రాష్ట్రంలో అది సగం అయింది. సర్పంచి బోర్డు మీద ఆడమనిషి పేరు ఉంటుంది. కానీ కొన్ని ఊళ్లలో కుర్చీలో భర్త కూర్చుంటాడు. కాగితాలు ఇంటికి వస్తాయి. "ఇక్కడ సంతకం పెట్టు" అంటారు. ఆమె పెడుతుంది. ఏం రాసి ఉందో చదవదు.

ఇడా లుపినో పని చేశారు, పేరు దక్కలేదు. ఈ సర్పంచికి పేరు ఉంది, పని దక్కలేదు. రెండూ నష్టమే.

విజయనిర్మల రెండూ దక్కించుకున్నారు. అది ఒక్కరోజులో కాలేదు. ముందు చూశారు. నేర్చుకున్నారు. తరువాత అడిగి పని చేతిలోకి తీసుకున్నారు. పోయినప్పుడు మాట పడ్డారు. మళ్లీ చేశారు.

ఇప్పుడు మనకు అక్షరాలు వచ్చాయి. సంఘం పుస్తకంలో మన పేరు ఉంది. ఈసారి సంతకం పెట్టేముందు ఆ పేజీ మొత్తం చదువుదాం. లెక్క కూడి చూద్దాం. తెలియనిది అడుగుదాం. ఆలస్యం అవుతుందని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనిద్దాం. చదివి పెట్టిన సంతకమే మన సంతకం.

మాట్లాడుకుందాం

1. డైరెక్టరు పనికీ ముఠా మేస్త్రి పనికీ పోలికలు ఏమిటి?
2. ఒక సినిమా రెండు గంటలు ఉంది. నిమిషానికి 90 అడుగుల చొప్పున ఎంత ఫిలిం కావాలి?
3. దేవదాసు నడవకపోయినా విజయనిర్మల ఏం చేశారు?
4. మీ ఊళ్లో పేరు ఆడవాళ్లది, పెత్తనం మగవాళ్లది అయిన పనులు ఏమైనా ఉన్నాయా? వాటిని మార్చాలంటే ముందు ఏం చేయాలి?