కాలువ గట్టుపై సైకిలు ఎందుకు తేలిక?

భిలాయి ఉక్కు కర్మాగారానికి నీరందించే తాండుల కాలువలను నడిపించేది భూమ్యాకర్షణే. వాలు ఎక్కువైతే ప్రవాహం గట్టును కోస్తుంది. తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది. అందుకే ఇంజనీర్లు కాలువకు అతి స్వల్పమైన వాలు ఇస్తారు. గట్టు బాట కూడా అదే వాలుతో సాగుతుంది.

లెక్క చూద్దాం. సైకిలు, మనిషి కలిసి 80 కిలోలు అనుకోండి. 5000 మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరిగే గట్టుపై వెనక్కి లాగే బలం సుమారు 0.16 న్యూటన్లు. 50 మీటర్లకు ఒక మీటరు లేచే వంతెనపై సుమారు 16 న్యూటన్లు. అంటే నూరు రెట్లు!

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, గోదావరి కాలువల్లో పడవలను మనుషులు ఇలాంటి గట్ల మీద నడుస్తూనే తాళ్లతో లాగారు.

అయితే కంకర రాళ్లపై చక్రం ఎగిరిపడి శక్తి వృథా అవుతుంది. వెడల్పు టైరులో గాలి కాస్త తగ్గిస్తే రబ్బరు రాయికి తగ్గట్టు నొక్కుకుంటుంది, కుదుపు తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. గట్టుకు పిట్టగోడ ఉండదు. కాంక్రీటు వాలు నాచుపట్టి జారుతుంది. ఈతగాడు కూడా పైకి ఎక్కలేకపోవచ్చు. అనుమతి ఉన్న చోటే, పగటిపూట, తోడుతో, నీటికి దూరంగా ఉండే అంచున వెళ్లండి. ఎవరైనా పడితే దూకకండి. తాడు విసరండి, పెద్దలను పిలవండి.