లప్పము క్రింది తుప్పు

"పైన పటారము, లోన లొటారము" అను సామెత పుట్టిననాటికి మోటారు బండ్లు పుట్టలేదు. కాని తుప్పు పట్టిన బండికి క్రొత్త రంగు పూసి అమ్ము బేహారిని చూచియే ఎవరో ఆ మాట అనియుందురా అనిపించును. తుప్పు తినివేసిన చోట లప్పము పెట్టి, ఉప్పు కాగితముతో రుద్ది నునుపు చేసి, రెండు పూతలు రంగు వేసినచో ముసలి బండి పెండ్లికొడుకువలె నిగనిగలాడును. రెండు వర్షకాలములు గడచుసరికి ఆ లప్పము పెచ్చులు పెచ్చులుగా ఊడును. అంతవరకు లోపలి తుప్పు తన పని తాను చేసికొనుచునే యుండును.

ఇట్టి పైపూతలకు పోక, ఇంటి పెరటి కొట్టములోనే పాత బండిని బోల్టు బోల్టుగా విప్పి, తుప్పును మూలమంట వెదకి తీసి, మరల కూర్చు పట్టుదల గలవారు కొందరు కలరు. అమెరికా దేశములో ఇది ఎందరో గృహస్థులకు సెలవుదినపు వ్యాసంగము. వారిలో పలువురు మక్కువతో చేపట్టు వాహనము విల్లీస్ జీపు ట్రక్కు. దాని ముందు భాగము మనకు తెలిసిన జీపు పోలికనే యుండును. వెనుక సామాను వేసికొనుటకు తొట్టి. ఇంజను బలము నాలుగు చక్రములకును అందును. పొలముల గట్లవెంట, పాడుపడిన కొట్టముల చాటున, ముళ్లపొదల నడుమ ఏండ్లకేండ్లు ఎండకు ఎండి వానకు తడిసిన ఈ బండ్లను వెదకి ఇంటికి ఈడ్చుకొని వచ్చుచుందురు.

ఆ బండి వంశచరిత్ర యుద్ధముతో ముడిపడియున్నది. 1940లో అమెరికా సైన్యము తేలికయైన చిన్న బండి కావలెనని కోరగా, పెన్సిల్వేనియాలోని బాంటమ్ అను చిన్న సంస్థ 49 దినములలో నమూనా సిద్ధముచేసి అప్పగించినది. కాని పెద్ద బేరము చిన్న సంస్థకు దక్కలేదు. లోకరీతి అదియే గదా! విల్లీస్, ఫోర్డు సంస్థలు యుద్ధకాలమున ఆరు లక్షలకు మించి జీపులు తయారుచేసినవి. యుద్ధము ముగియగానే విల్లీస్‌వారు ఆ సైనికుని సేద్యమునకు దింపిరి. 1947లో ఒహయో రాష్ట్రపు టొలీడో నగరమున ఈ ట్రక్కు తయారీ మొదలై 1965 వరకు సాగినది. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము 118 అంగుళములు.

దీని రూపురేఖలు బ్రూక్స్ స్టీవెన్స్ అను రూపశిల్పి విల్లీస్ స్టేషను వాగనుకై గీసిన రేఖలనుండి వచ్చినవి. ఇంటి సామాను రేకులు నొక్కు కార్ఖానాలకు సైతము అలవియగునట్లు, లోతైన వంపులు లేకుండ, ఆయన ఆ రేకులను ఇంచుమించు చదునుగా కల్పించినాడు. ఆనాటి కార్ఖానా సౌకర్యమునకై చేసిన ఆ పని ఈనాటి పెరటి పనివానికి వరమైనది. చదును రేకును సుత్తితోను ఇనుప దిమ్మతోను ఎవరైనను ఓపిక యున్నచో మలచుకొనగలరు.

మన దేశమునకును జీపు పరాయిది కాదు. 1940ల చివరి యేండ్లనుండి మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చి అమ్మసాగినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకములు ప్రారంభమైన పిమ్మట బ్లాకు అధికారి జీపు ఎరుగని పల్లె తెలుగునాట అరుదయ్యెను. గోతులబాటలో దుమ్ము రేపుకొనుచు వచ్చు ఆ జీపు వెంట పరుగెత్తిన బాలురు నేడు తాతలైరి.

అంతకుముందే, 1948లో, మన సైన్యమునకై విదేశములో పాత జీపులను కొన్న వ్యవహారము ఒకటి నడచినది. బాగుచేసి పంపుదుమని ఒప్పుకొన్న జీపులలో వచ్చి దిగిన 155 పనికిరావని తేలినవి. దానిపై పార్లమెంటులో దుమారము రేగి, చివరకు 1955లో ప్రభుత్వము ఆ ప్రకరణమును మూసివేసినది. పాత బండి బాగుపడినదో లేదో ఒప్పందపు కాగితముపై తెలియదు. దాని క్రింద పడుకొని చూచినవానికే తెలియును.

కావున పెరటి పనివానికి క్రింద పడుకొని చూచుటయే మొదటి పని. బండికి వెన్నెముక ఛాసీ. సంతలో కుండ కొను ఇల్లాలు దానిని వ్రేలితో మ్రోగించి చూచునట్లు, ఇతడు చిన్న సుత్తితో ఛాసీని ఆ చివరనుండి ఈ చివరవరకు మీటుచు పోవును. గట్టి ఇనుము ఖంగుమనును. తుప్పు తిన్న ఇనుము బొద్దుమనును. కొన్నిచోట్ల సుత్తి లోపలికే దిగిపోవును. బురద నిలుచు మూలలు, కమాను పట్టీలు తగిలించు కొక్కెములు, చాపల క్రింద చెమ్మగిల్లు నేలరేకు, తలుపుల అడుగు అంచులు తుప్పునకు పుట్టిండ్లు. అన్నిటికన్న ముఖ్యము స్టీరింగు పెట్టె ఛాసీకి బిగియు తావు, బ్రేకు నూనె ప్రవహించు సన్నని గొట్టములు. తలుపు అడుగున తుప్పు దాచినచో అది అందమునకు సంబంధించిన మోసము. స్టీరింగు బోల్టుల చుట్టు దాచినచో అది ఎదుట వచ్చు బాటసారి ప్రాణముతో జూదము.

తుప్పు సంగతి పాఠశాల పుస్తకములలోనిదే. ఇనుము, నీరు, ప్రాణవాయువు ఈ మూడును కలిసినచోట అది పుట్టును. ఉప్పు తోడైనచో వేగము హెచ్చును. అందుచేతనే సముద్రతీరపు విశాఖపట్టణములో నిలిచిన బండికిని, అనంతపురములో నిలిచిన బండికిని ఆయుర్దాయములో అంత భేదము. అల్యూమినియము కూడ గాలి తగిలి పైన పొర కట్టును గాని, ఆ పొర చర్మమువలె అంటుకొని లోపలి లోహమును కాపాడును. ఇనుపతుప్పు అట్లుగాక గుల్లగా, పొరలు పొరలుగా రాలి, క్రొత్త ఇనుమును గాలికి అప్పగించును. పైగా పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుముకన్న రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమించును. రెండు రేకులు అతికిన సందులో తుప్పు చేరినచో ఆ రేకులే ఉబ్బి విడిపోవుట ఈ కారణముచేతనే. ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభము సుమారు 1600 సంవత్సరములుగా నిలిచియుండుటకు అందులోని భాస్వరము హెచ్చుగా నుండి, గట్టి పొర కట్టుట ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. కార్ఖానా రేకులకు ఆ భాగ్యము లేదు.

పెరటి పనివారు చిన్న భాగముల తుప్పు వదలించుటకు చేయు ఒక ప్రక్రియ రసాయనశాస్త్రపు ఉపాధ్యాయులకు ప్రీతి కలిగించును. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి చాకలి సోడా కలుపుదురు. తుప్పు పట్టిన భాగమును బ్యాటరీ చార్జరు ఋణధ్రువమునకును, పనికిరాని ఇనుప ముక్కను ధనధ్రువమునకును తగిలించి, ఒకదానికొకటి తాకకుండ ఆ నీటిలో వ్రేలాడదీయుదురు. విద్యుత్తు ప్రవహించుచుండగా భాగముపైనుండి బుడగలు లేచి, తుప్పు వదులై నల్లని బురదగా మారును. మరునాడు తీగెల కుంచెతో తోమినచో లోపలి ఇనుము బయటపడును. లేచునవి జలజనకపు బుడగలు. కావున ఆరుబయటనే, నిప్పుకు దూరముగా, పెద్దల ఎదుటనే ఇది చేయవలెను. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ ఉక్కు కట్టరాదు. దానిలోని క్రోమియము విషమై నీటిలో దిగును.

అయితే ఈ విద్యకు ఒక హద్దు కలదు. తుప్పు పోవును గాని, పోయిన ఇనుము తిరిగి రాదు. కొన్ని బండ్లలో తుప్పే రేకును నిలబెట్టుచుండును. దానిని తీసినచో మిగులునది జల్లెడ. అప్పుడు చేయదగినది ఒకటే. కుళ్లిన భాగమును మెరయు ఇనుము కనబడువరకు కోసివేసి, అదే మందముగల క్రొత్త రేకును కత్తిరించి వెల్డింగు చేయవలెను. ఒకేచోట నిలిపి కాల్చినచో రేకు వేడికి అప్పడమువలె వంకరపోవును. అందుచే ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్కగా అతుకుచు రావలెను. లప్పము అసలే పనికిరాదని కాదు. అతుకు పూర్తియైన గట్టి రేకుపై వెండ్రుకవాసి పల్లమును కప్పుటకు అది ఉచితమే. కంతను పూడ్చుటకు మాత్రము కాదు.

ఇంటి పనిలో ఇంటివారికి తగులు అపాయములు వేరు. పాత రంగులలో సీసము ఉండును. పొడిగా రుద్దినచో ఆ ధూళి పిల్లల ఊపిరిలోనికి పోవును, కావున తడిపి రుద్దుట మేలు. పాత బ్రేకు పట్టీలలో రాతినార ఉండవచ్చును. ఆ దుమ్మును ఊదరాదు. జింకు పూత గల రేకును వెల్డింగు చేసినచో వచ్చు పొగ జ్వరము తెప్పించును. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకుకన్న ప్రమాదము, ఏలయన దానిలో నిండియున్నది ఆవిరి. దానిపై నిప్పురవ్వ పడనీయరాదు.

విప్పుట ఒక పూట పని, కూర్చుట ఒక యేటి పని. తుప్పుచే బిగిసిన బోల్టును బలముతో త్రిప్పినవానికి విరిగిన బోల్టు దక్కును. చమురు పోసి రెండు మూడు దినములు ఊరనిచ్చి, వేడిచేసి, చల్లార్చి, కొంచెము బిగించి, కొంచెము వదలి, మరల చమురు పోయవలెను. విప్పిన ప్రతి భాగమునకును చీటి కట్టి, ఏది దేనిపై ఉన్నదో ఫోటో తీసికొన్నవాడు ధన్యుడు. ఇప్పుడు ఆ పనికి చేతిలోని ఫోనే చాలును. చీటీలు కట్టనివారి బండ్లు పెట్టెలకొలది విడిభాగములుగనే చేతులు మారుచుండును.

ఇంజను, గేరుపెట్టెలకన్న విద్యార్థులు ఆసక్తితో చూడదగినది వాని వెనుకనున్న ట్రాన్స్‌ఫర్ కేసు. ఇది ఇంజను బలమును ముందు వెనుక ఇరుసులకు పంచును; ఇంకొక మీట లాగినచో వేగమును దాదాపు రెండున్నర వంతులు తగ్గించి, ఆ మేరకు లాగు బలమును హెచ్చించును. దుక్కి చేలలో ట్రక్కు ఎద్దుల జతవలె మెల్లగా, మొండిగా నడచుట దీనిచేతనే. కళ్లములో గుంజ చుట్టు తిరుగు ఎడ్లను చూచినవారికి దీని మర్మము తెలియును. లోపలి ఎద్దు తక్కువ నడచును, వెలుపలి ఎద్దు ఎక్కువ నడచును. బండి మలుపు తిరుగునప్పుడు చక్రములదియు అదే గతి. కుడి ఎడమ చక్రముల భేదమును ఇరుసులోని డిఫరెన్షియల్ సర్దును. కాని ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును గల భేదమును సర్దునది ఈ ట్రక్కులో లేదు. బురదలో చక్రము కొంచెము జారి ఆ లెక్క సరిచేసికొనును. ఆరిన తారురోడ్డుపై జారుటకు వీలులేక, ఆ బిగువంతయు పండ్లచక్రములపై పడి వానిని అరగదీయును. ముందు ఇరుసు మీటను రోడ్డుపై విడిచిపెట్టుట మరచిన యజమానుల పాపము ఈ పెట్టె విప్పినప్పుడే బయటపడును.

ఇక వాదము వచ్చునది మార్పులవద్ద. ఉన్నది ఉన్నట్లు నిలుపవలెననువారు కొందరు. వారు నట్టు తలపై గుర్తుకూడ ఆనాటిదే కావలెనందురు. బండి తిరుగుటకే గాని చూచుటకు కాదనువారు కొందరు. వారు పాత ఇంజను తీసి క్రొత్తది పెట్టుదురు, కమాను పట్టీలెత్తి లారీ టైర్లంత టైర్లు తొడుగుదురు. మన పల్లెలలో ఎడ్లబండికి తండ్రినాట ఇరుసు మారెను, కొడుకునాట చక్రపుటాకులు మారెను. ఐనను అది తాతగారి బండియే. అసలు, మార్పు అను భేదము అనుకొన్నంత స్పష్టము కాదు.

కాని మార్పులన్నియు ఒకటి కావు. ఈ ట్రక్కులో బ్రేకు నూనె ఒకే దారిన నాలుగు చక్రములకు పోవును. ఎక్కడ గొట్టము పగిలినను నాలుగు బ్రేకులును ఒకేసారి పోవును. దానిని రెండు దారులుగా విడదీయుట, నడుము బెల్టులు బిగించుట, మసక వెలుగు ఇచ్చు 6 వోల్టుల దీపములను 12 వోల్టులకు మార్చుట చేసినవానిని ప్రాచీనతాభిమానులు సైతము తప్పుపట్టరాదు. పెద్ద టైర్ల సంగతి వేరు. చక్రము పెరిగినకొలది ఇంజనుకు బరువగును, వేగము చూపు ముల్లు ఉన్నదానికన్న తక్కువ చూపును, బ్రేకు పట్టు సన్నగిల్లును, ఎత్తు హెచ్చి మలుపులో బండి బోర్లపడు భయము కలుగును. కంటికి ఠీవి తెచ్చు మార్పులలో అధికభాగము ఈ జాతివే.

మన దేశములో ఈ విషయమున చట్టము కఠినము. తయారుచేసినవారు నిర్దేశించిన వివరములకు విరుద్ధముగా వాహనమును మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. ఇంజను మార్పవలెనన్నను ముందుగా రవాణా అధికారుల అనుమతి పొందవలెను. 2021లో వచ్చిన నియమముల ప్రకారము 50 సంవత్సరములు దాటి, ముఖ్యమైన మార్పులు లేక మొదటి రూపముతోనున్న వాహనమును పురాతన వాహనముగా ప్రత్యేకముగ నమోదు చేయించవచ్చును. దానిని నిత్యము రోడ్డుపై త్రిప్పుటకు మాత్రము వీలులేదు. అనగా సైన్యపు వేలములలో పాత జీపు కొన్నవాడు సుత్తి పట్టకముందే తేల్చుకొనవలసిన ప్రశ్న ఒకటున్నది: బండిని నిలుపుకొనుటకా, నడుపుకొనుటకా?

రంగు ఆరి బండి కదలిన పిమ్మట పని ముగిసినదని తలచుట పరిపాటి. మొదటి వంద మైళ్లు నడచినంతనే కుదుపులకు వదులైన నట్లన్నియు మరల బిగించవలెను, ఇరుసుల చివర నూనె కారుచున్నదేమో చూడవలెను. తలుపుల అడుగున, ఛాసీ మూలలలో నీరు కారిపోవుటకు కార్ఖానావారు విడిచిన చిన్న రంధ్రములు రంగుతో మూసికొనిపోయి యుండును. తొలకరికి ముందే పుల్లతో వానిని పొడిచి తెరచి, లోపలి గుల్లలలో మైనపునూనె చల్లవలెను.