దీపానికి ఆయుర్దాయం ఎంత?

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో లివర్‌మోర్ అనే ఊరున్నది. ఆ ఊరి ఫైర్ స్టేషన్‌లో 1901 లో ఒక విద్యుద్దీపం వెలిగించారు. మధ్యలో కొద్దిసార్లు తప్ప అది ఆరనేలేదు. 2015 లో దానికి పది లక్షల గంటలు నిండాయని ఆ ఊరివాళ్ళు పండుగ కూడా చేశారు.

మరి మీ ఇంట్లో వెలిగే ఎల్.ఇ.డి. బల్బు సంగతేమిటి? అది కొన్నప్పుడు అట్టపెట్టె మీద "25,000 గంటలు" అని అచ్చు వేసి ఉండవచ్చు. రోజుకు 5 గంటల చొప్పున వెలిగిస్తే అది 5,000 రోజులు, అంటే పదమూడున్నర సంవత్సరాలకు పైగా రావాలి. కాని కొందరి ఇళ్ళలో అది రెండేళ్ళకే మిణుకుమిణుకుమని ఆరిపోతుంది. అప్పుడు పెద్దవాళ్ళు, "అంతా మోసం!" అని విసుక్కుంటారు. నిజంగా మోసమేనా? లేక ఆ అంకెకు మనమనుకున్నది కాక వేరే అర్థం ఏమైనా ఉన్నదా? చూద్దాం.

ముందు పాత బల్బు ఎలా పోయేదో తెలుసుకోవాలి. అందులో సన్నని టంగ్‌స్టన్ తీగ ఉండేది. కరెంటు ప్రవహించగానే ఆ తీగ సుమారు 2,500 డిగ్రీల సెంటిగ్రేడు దాకా కాగి వెలిగేది. ఆ వేడికి లోహం కొంచెం కొంచెంగా ఆవిరై, గాజుబుడ్డి లోపల నల్లని మసిలాగా పేరుకునేది. చివరికి తీగ ఎక్కడో ఒకచోట మరీ సన్నబడి, ఒకనాడు స్విచ్చి వెయ్యగానే పుటుక్కున తెగేది. మామూలుగా ఇటువంటి దీపం 1,000 గంటలు వెలిగేది.

తీగను ఎంత ఎక్కువగా కాచితే అంత వెలుతురు, అంత తక్కువ ఆయుర్దాయం. లివర్‌మోర్ దీపం రహస్యం ఇందులోనే ఉన్నది. అది ఇప్పుడు 4 వాట్ల పాటి గుడ్డిదీపం. దాని కింద కూచుని మీరు పాఠం చదువుకోలేరు. పైగా దాన్ని ఆర్పటం, వెలిగించటం లేదు గనక, చల్లారి మళ్ళీ కాగే బాధ కూడా ఆ తీగకు లేదు.

ఎల్.ఇ.డి. దీపంలో అలా కాగి తెగే తీగే లేదు. గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో చేసిన, ఆవగింజ కన్న చిన్న చిప్పులు ఉంటాయి. వాటి గుండా కరెంటు ప్రవహిస్తే నీలి వెలుతురు పుడుతుంది. పైన ఉన్న పసుప్పచ్చని పూత ఆ నీలి వెలుతురులో కొంత భాగాన్ని పసుపు వెలుతురుగా మారుస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి. ఎర్రని వెలుతురిచ్చే ఎల్.ఇ.డి.ని నిక్ హోలోన్యాక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1962 లోనే తయారుచేశాడు. బాగా వెలిగే నీలి ఎల్.ఇ.డి. రావటానికి మాత్రం మరి ముప్ఫయి ఏళ్ళు పట్టింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014 లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది.

ఈ చిప్పు సాధారణంగా ఉన్నట్టుండి పోదు, మెల్లగా ముసలిదవుతుంది. ఏడాదికేడాదికి దాని వెలుతురు కొంచెం తగ్గుతుంది. అలాగైతే దాని ఆయువు తీరిందని ఎప్పుడు అనుకోవాలి? ఇంజనీర్లు దీనికొక లెక్క పెట్టుకున్నారు. కొత్తలో ఇచ్చిన వెలుతురు 100 పాళ్ళు అనుకుంటే, అది 70 పాళ్ళకు దిగిననాడు ఆయువు తీరినట్టు. అప్పటికీ ఆ చిప్పు వెలుగుతూనే ఉంటుంది. మసకబారిందన్నమాట, అంతే!

సరే, 25,000 గంటలు వస్తుందని వాళ్ళకు ఎలా తెలిసింది? రాత్రింబగళ్ళు వెలిగించి చూసినా అన్ని గంటలు పూర్తికావటానికి రెండు సంవత్సరాల పది నెలలు పడుతుంది. బజారులో అమ్మేవాళ్ళు అంతకాలం ఆగరు గదా! అందుచేత చిప్పులను కనీసం 6,000 గంటలు, అంటే 250 రోజులు, వెలిగించి, వెలుతురు ఎంత తగ్గిందో కొలుస్తారు. ఆ తగ్గుదలను బట్టి ముందుకాలాన్ని అంచనా కడతారు. పరీక్ష చేసిన కాలానికి ఆరు రెట్లకు మించి అంచనా చెప్పరాదని కూడా నియమం ఉన్నది. కాబట్టి ఆ అంకె గాలిలో నుంచి పుట్టింది కాదు. కాని ఆ పరీక్ష చిప్పులకే గాని దీపం మొత్తానికి కాదు. అసలు కీలకమంతా ఇక్కడే ఉన్నది.

ఎద్దులు ఎంత బలమైనవైనా ఇరుసు విరిగితే బండి ఆగిపోతుంది. ఎల్.ఇ.డి. దీపంలో చిప్పులు ఎద్దులయితే, "డ్రైవరు" అనేది ఇరుసు. మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల కరెంటు సెకనుకు 50 మార్లు ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది. చిప్పులకు మాత్రం ఒకే దిక్కుగా, నిలకడగా ప్రవహించే కరెంటు కావాలి. అలా మార్చి ఇచ్చే చిన్న యంత్రాంగమే డ్రైవరు. అది బల్బు అడుగుభాగంలో దాగి ఉంటుంది. చాలా బల్బుల్లో, అందులో కెపాసిటరు అనే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే మెకానిక్కు వచ్చి, "కండెన్సరు పోయింది," అంటాడే, ఇది దానికి తమ్ముడి వంటిది. అయితే ఈ తమ్ముడి కడుపులో కొంచెం ద్రవం ఉంటుంది. వేడికి ఆ ద్రవం ఎండిపోతుంది. అది ఎండితే దీపం మిణుకుమంటుంది, తరవాత ఆరిపోతుంది.

ఇంజనీర్లు వాడే ఒక మోటులెక్క ఉన్నది: వేడి 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటరు ఆయుర్దాయం రెట్టింపవుతుంది, 10 డిగ్రీలు పెరిగితే సగమవుతుంది. 105 డిగ్రీల వేడిలో 5,000 గంటలు పనిచేసే కెపాసిటరును తీసుకోండి. అదే 95 డిగ్రీలలో 10,000 గంటలు, 85 లో 20,000 గంటలు, 75 లో 40,000 గంటలు వస్తుంది. చూశారా! వస్తువు ఒకటే. ఉండే చోటును బట్టి దాని ఆయుర్దాయం ఎనిమిది రెట్లు మారిపోయింది.

"ఎల్.ఇ.డి. చల్లని దీపం గదా, దానికి వేడేమిటి?" అని మీరడగవచ్చు. 9 వాట్ల దీపానికిచ్చిన కరెంటులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. పాత బల్బులో వేడి చాలా వరకు వెలుతురుతోపాటే కిరణాలుగా బయటికి పోయేది. ఎల్.ఇ.డి.లో అలా పోదు. దీపం ఒంటి గుండా, అడుగుభాగం నుంచి, చుట్టూ ఉన్న గాలిలోకి పోవాలి. గాలి ఆడని గాజుగోళంలోనో, సీలింగులో మూసిన గూటిలోనో బల్బును పెడితే ఆ వేడి ఎక్కడికి పోతుంది? కుంపటి మీద మూతపెట్టిన గిన్నెలాగా లోపలే ఉడుకుతుంది. నడివేసవిలో గది వేడి దానికి తోడవుతుంది.

వేడి కాక మరొక శత్రువు కూడా ఉన్నది. ఉరుములూ మెరుపులూ వచ్చినప్పుడు, కరెంటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు తీగల్లో వోల్టేజి ఒక్కసారి ఎగిసిపడవచ్చు. చవక రకం డ్రైవరు ఆ దెబ్బకు ఓర్చుకోలేదు. ఇక చిప్పులను, పెళ్ళిపందిట్లో వేలాడదీసే సీరియల్ సెట్టులోలాగా, తరచు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంచుతారు. అందులో ఒకటి మాడి దారి తెగితే మిగతావన్నీ ఆరిపోతాయి. డజను చిప్పులుండగా ఒక్కదాని మీద నల్లచుక్క పడి బల్బంతా పనికిరాకుండా పోయేది ఇందుకే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. రోజుకు 5 గంటలు వెలిగే మంచి రకం ఎల్.ఇ.డి. దీపం, గాలి ఆడే చోట, ఎనిమిది పదేళ్ళు కూడా రావచ్చు. నాసిరకానిది, మూసిన గోళంలో పెడితే, ఏడాది రెండేళ్ళకే పోవచ్చు. ఆ తొందరపాటు దీపం కూడా నష్టం తెచ్చిందనలేము. 60 వాట్ల పాత బల్బుకు బదులు 9 వాట్ల దీపం రోజుకు 5 గంటలు వెలిగితే ఏడాదికి సుమారు 93 యూనిట్ల కరెంటు మిగులుతుంది. కాని పోయిన దీపాలు చెత్తగా మారతాయి. మన దేశంలో 2015 జనవరి 5 న మొదలైన ఉజాలా పథకం కిందనే 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంచారు. ఒక్కొక్కటి ఎనిమిదేళ్ళకు బదులు నాలుగేళ్ళే వస్తే దానికి రెట్టింపు బల్బులు చెయ్యాలి, రెట్టింపు చెత్త మొయ్యాలి.

అందుచేత బల్బు కొనేటప్పుడు గంటల అంకెతోపాటు గారంటీ ఎన్నేళ్ళో చూడమని మీ అమ్మానాన్నలతో చెప్పండి. బిల్లు దాచమనండి, గారంటీలోగా పోతే కొట్లో మార్చి ఇస్తారు. మూతగోళంలో పెట్టవలసి వస్తే, అందుకు తగినదని రాసి ఉన్న బల్బే తీసుకోమనండి. స్విచ్చి మాటిమాటికీ వేస్తే పోతుందన్న భయం పెట్టుకోకండి. గదిలో ఎవరూ లేనప్పుడు ఆర్పటమే మంచిది. పోయిన బల్బును మాత్రం మీరు విప్పకండి. కెపాసిటరులో కొంతసేపు కరెంటు నిలవ ఉండవచ్చు. దాన్ని తడిచెత్తలో పారవెయ్యక, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే చోట ఇవ్వాలి.

మీరు చెయ్యదగిన చిన్న శోధన ఒకటున్నది. ఇంట్లో ఈసారి కొత్త బల్బు పెట్టేటప్పుడు, హోల్డరులో బిగించక ముందే దాని అడుగుభాగం మీద చెరగని ఇంకుతో ఆనాటి తేదీ రాయించండి. ఒక నోటుబుక్కులో ఏ గది, గాలి ఆడే చోటా, మూసిన చోటా, రోజుకు ఎన్ని గంటలు అన్నది రాసుకోండి. అది పోయిననాడు ఆ తేదీ కూడా రాయండి. నాలుగేళ్ళు ఓపిక పడితే, అట్టపెట్టె మీద అంకె కన్న మీ ఇంటికి బాగా పనికివచ్చే లెక్క మీ చేతిలోనే ఉంటుంది.