ఆకాశయానము: దూరము, కాలము, కొన్ని అపోహలు

అమెరికాలోనున్న బిడ్డల చెంతకు బయలుదేరు తల్లిదండ్రులు, గోడనున్న ప్రపంచపటముపై హైదరాబాదు నుండి షికాగో వరకు వ్రేలితో గీత గీసి, విమానము అరేబియాను, ఉత్తరాఫ్రికాను, అట్లాంటిక్ మహాసముద్రమును వరుసగా దాటిపోవునని తలంచుట పరిపాటి. పటము చదునైనది, భూమి గోళము. ఆ గీత వెంటనే పోయినచో సుమారు 16,000 కిలోమీటర్లు పయనింపవలసి వచ్చును. గ్లోబుపై ఆ రెండు నగరముల నడుమ దారము బిగించి చూడుడు: అది ఉత్తరమునకు సాగి, ఆర్కిటిక్ మంచుసీమలలో 79వ అక్షాంశము దాపునకు పోయి, మరల క్రిందికి దిగును. దాని నిడివి దాదాపు 13,300 కిలోమీటర్లే.

భూమి తూర్పునకు తిరుగుచున్నది గనుక పడమటికి పోవు విమానమునకు గమ్యమే ఎదురువచ్చుననునది చదువుకొన్నవారిలో సైతము పాతుకొన్న అపోహ. భూమితోపాటు దానిని ఆవరించిన వాయుమండలమును తిరుగుచున్నది. పరుగిడు రైలుపెట్టెలో బాలుడు పైకెగురవేసిన బంతి తిరిగి వాని చేతిలోనే పడుట మన మెరుగనిది కాదు. అనుభవమున కానవచ్చునది దీనికి విపరీతము: మన దేశమునుండి ఐరోపాకు పోవునప్పటికన్న తిరిగి వచ్చునప్పుడే తక్కువ కాలము పట్టును. దీనికి కారణము, రమారమి 10 కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు నదివలె ప్రవహించు జెట్ స్ట్రీమ్ అను గాలి. భూభ్రమణమున కిందు పాత్ర లేకపోలేదు. అది ఈ గాలికి దిశ నొసగును గాని గమ్యమును దగ్గరకు తెచ్చియీయదు. ఈ ప్రవాహమును 1920ల దశకమున బెలూనుల నెగురవేసి గుర్తించిన జపాను శాస్త్రజ్ఞుడు వసాబురో ఓయిషి తన పరిశోధనను ఎస్పెరాంతో భాషలో ప్రకటించుటచే లోకము చాలకాలము దానిని గమనింపకపోవుట విచారకరము.

ఈ గాలి మహిమకు 2016 అక్టోబరులో నిదర్శనము లభించినది. ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా పోవుచుండిన ఎయిరిండియా విమానము తూర్పుగా పసిఫిక్ మీదుగా మరలి, సుమారు 1,400 కిలోమీటర్లు అధికముగా పయనించియు, దాదాపు రెండు గంటలు ముందుగా, 14 గంటల 30 నిమిషములలో గమ్యము చేరినది. దూరము పెరిగినంత మాత్రమున కాలము పెరుగవలెనను నియమము ఆకాశమున లేదు.

దూరమును వేగముచే భాగించిన ప్రయాణకాలము తేలునను లెక్కయు నిలువదు. హైదరాబాదు–ఢిల్లీ నడుమ దూరము సుమారు 1,260 కిలోమీటర్లు. గంటకు 850 చొప్పున గంటన్నరయే కావలెను గదా! టికెట్టుపై రెండు గంటలకు పైగా కనబడుటకు కారణము, విమానము నిలిచిన చోటినుండి కదలినది మొదలు మరల నిలుచువరకును లెక్కించుట. రన్‌వే చేరుట, పైకెగయుట, దిగుటకు అనుమతికై వేచియుండుట, అన్నియు అందులోనివే.

కడపట ప్రయాణికులకు ఒక విన్నపము. టికెట్టుపై బయలుదేరు వేళ ఇక్కడి గడియారమును, చేరు వేళ అక్కడి గడియారమును అనుసరించి యుండును. ఒకదానినుండి ఒకటి తీసివేసి ప్రయాణకాల మనుకొనవలదు. షికాగో గడియారము మనదానికన్న శీతకాలమున 11 గంటల 30 నిమిషములు, వేసవిలో 10 గంటల 30 నిమిషములు వెనుకబడి నడచును.